ఉల్లికోడు, నువ్వు కోడు ఈగ, జొన్న మిడ్జ్ ఒకటేనా? ఎలా తేల్చాలి?

కుటుంబం ఒకటే, సెసిడోమైయిడే. ప్రజాతులు వేరు: వరిది ఒర్సియోలియా ఒరైజే, నువ్వుది ఆస్ఫాండిలియా సెసామి, జొన్న కంకిది స్టెనోడిప్లోసిస్ సోర్ఘికోలా. జొన్న మొవ్వు ఈగ మాత్రం ఇందులోది కాదు. అది ఇంటి ఈగ కుటుంబం. పాత పుస్తకాల్లో పాకిడిప్లోసిస్ ఒరైజే, కాంటరీనియా సోర్ఘికోలా అని కనిపిస్తే ఇవే పురుగులు, పేర్లే మారాయి.

ఈ కుటుంబంలో ఆరు ఉపకుటుంబాలు. మొక్కల్ని తినేవి దాదాపు అన్నీ సెసిడోమైయినేలోనే ఉంటాయి, మిగతా వాటి లార్వాలు ఎక్కువగా బూజు తింటాయి. అందుకే దీపపు ఎరలో పడ్డ ప్రతి దోమలాంటి ఈగనూ ఉల్లికోడు లెక్కలో వేయకండి. తలపై సరళ నేత్రాలు (పెద్ద కళ్లు కాక ఉండే చుక్కల్లాంటి చిన్న కళ్లు) ఉంటే, పాదంలో మొదటి ఖండం రెండోదానికన్నా పొడవుంటే పక్కన పెట్టేయండి.

జొన్నలో బుడిపె (పురుగు వల్ల మొక్కలో వచ్చే ఉబ్బు) రాదు. తాలు గింజను నొక్కితే ఎర్రటి రసం వస్తుంది, కొసన తెల్లటి ప్యూపా పొర వేలాడుతుంది. నువ్వులో మొగ్గ, కాయ వంకర తిరిగి ఉబ్బుతాయి. వరిలో ఉల్లి గొట్టం (పురుగు వల్ల ఉల్లికాడలా మారిన పిలక) పైభాగాన రంధ్రం, అందులోంచి బయటికి పొడుచుకొచ్చిన పొర ఉంటే పురుగు వెళ్లిపోయినట్టే. రంధ్రం లేని గొట్టాలున్న దుబ్బులే వేర్లతో సహా తెచ్చి, నీళ్లలో నిలిపి, పైన పల్చటి గుడ్డ కట్టండి. అక్కడే చాలామంది పొరపడతారు: గొట్టంలోంచి గుంపుగా నల్లటి చిన్న పురుగులు వస్తే అది ప్లాటిగాస్టర్ ఒరైజే, అంటే పరాన్నజీవి కందిరీగ. నాలుగు రెక్కలు, సన్నటి నడుం చూసి గుర్తుపట్టొచ్చు.

ప్రజాతి తేల్చడానికి మగ ఈగే మేలు. 70 శాతం ఆల్కహాల్‌లో వేయండి (డీఎన్ఏ కావాలంటే 95). ఎండబెట్టి సూదికి గుచ్చితే స్పర్శశృంగాలు (తలపై మీసాలు) విరిగిపోతాయి, అవి లేకుంటే ఇక చూడటానికి పెద్దగా ఏమీ మిగలదు. 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్‌లో ఓ రాత్రి ఉంచి, నీళ్లలో కడిగి, ఆల్కహాల్, లవంగ నూనె మీదుగా కెనడా బాల్సమ్‌లోకి తెండి. తల, రెక్క, పొట్ట విడివిడిగా అమర్చండి. ఒర్సియోలియా మగదాని స్పర్శశృంగ ఖండం నడుమ నొక్కుకుపోయి రెండు ముడులుగా, ఉచ్చుల్లాంటి పోగులతో కనిపిస్తుంది. ఆస్ఫాండిలియాలో అది నున్నటి గొట్టం, పోగులు మెలికలు తిరిగి ఉంటాయి. లార్వాతో చేయాలంటే మూడో దశదే కావాలి, ఛాతీ కింది గరిటె లాంటి భాగం అంతకుముందు ఉండదు.

ఉల్లికోడు బయోటైపు (ఒకే పురుగులో, వేర్వేరు వరి రకాలను దెబ్బతీసే తెగ) మాత్రం మైక్రోస్కోపుకు దొరకదు. దానికి వరి రకాలు నాటి, ఏది పడిపోతుందో (ఉల్లి గొట్టాలు వస్తాయో), ఏది నిలుస్తుందో (తట్టుకుంటుందో) చూడాల్సిందే. డబ్ల్యూ 1263 పడిపోయి ఫల్గుణ నిలిస్తే 2, డబ్ల్యూ 1263 నిలిచి ఫల్గుణ పడిపోతే 3 లేదా 6, రెండూ పడిపోతే 4 లేదా 4ఎం, రెండూ నిలిస్తే 1 లేదా 5. పక్కన టీఎన్ 1 (ఈ పురుగును తట్టుకోలేని వరి రకం) తప్పక వేయండి. దానికీ ఉల్లి గొట్టాలు సరిగా రాకపోతే మడిలో పురుగే చాలలేదన్నమాట, ఆ ఫలితం లెక్కలోకి రాదు.