అల్లుడూ, ఆ యాప్ లెక్క ఒకసారి చూద్దాం

ఒరేయ్ అల్లుడూ,

మొన్న రాత్రి ఫోన్ చేసి "మామయ్యా, ఆరు వేలు సర్దుతావా, పుస్తకాలు కొనాలి" అన్నావు. పంపాను. కానీ ఎమ్మెస్సీ రెండో ఏడు సగంలో, రాత్రి పదకొండున్నరకి, ఆరు వేల పుస్తకాలు ఎవరు కొంటారురా? ముప్ఫై ఏళ్లకు పైగా యూనివర్సిటీ ఆఫీసులో స్కాలర్‌షిప్ సెక్షన్ బల్ల వెనక కూర్చున్నవాణ్ణి. పిల్లలు ఏ అబద్ధాన్ని ఏ గొంతుతో చెబుతారో నాకు కంఠతా వచ్చు. తెల్లారి గుచ్చి గుచ్చి అడిగితే బయటపడ్డావు. మెస్ బాకీ, ఆ బాకీకి లోన్ యాప్, ఆ యాప్‌కి కట్టడానికి ఇంకో యాప్. తిట్టడానికి రాయడం లేదు. ఫోన్లో చెబితే "ఊఁ, ఊఁ" అని పెట్టేస్తావు, అందుకని రాస్తున్నాను.

ముందు ఆ యాప్ లెక్క. మన ఊళ్లో వడ్డీ ఎలా చెప్పుకుంటాం? నూటికి నెలకు రెండు రూపాయలు. మూడంటే మొహం చిట్లిస్తారు. ఐదంటే ఆ మనిషి గడప తొక్కరు. నీ యాప్ 3000 అప్పు అని చెప్పి, ప్రాసెసింగ్ ఫీజని కోసుకుని, నీ ఖాతాలో 1800 వేసింది. వారానికి 3000 కట్టమంది. అంటే 1800 మీద వారానికి 1200. నూటికి నెలకు లెక్కేస్తే 280 రూపాయలు దాటుతోంది. మీ నాన్న పత్తి పెట్టుబడికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి, అది తీరేదాకా సరిగ్గా అన్నం తినడు. కెమిస్ట్రీ చదివేవాడికి ఈ లెక్క రాదంటే నమ్మను. వెయ్యాలంటే భయమేసి వెయ్యలేదు, అంతే.

రిజర్వ్ బ్యాంక్ 2022లోనే దీనికి నిబంధనలు పెట్టింది. అప్పిచ్చే బ్యాంకు ఏదో, ఫైనాన్స్ కంపెనీ ఏదో ముందే చెప్పాలి. అన్ని చార్జీలూ కలిపి వడ్డీ ఎంత పడుతుందో చూపించాలి. నీ ఫోన్లో కాంటాక్టుల జోలికి, ఫొటోల జోలికి పోకూడదు. నీ కాంటాక్టులన్నీ లాక్కుని "మీ నాన్నకు చేస్తాం, మీ మేడంకి చేస్తాం" అంటున్నారంటే అది ఆ నిబంధనలకు లొంగే యాప్ కాదు. ఇంకో యాప్‌లో తీసి దీనికి కట్టడం ఈ రోజుతో ఆపెయ్. వాళ్ల మెసేజ్‌లు, కాల్స్, నువ్వు కట్టిన ప్రతి రూపాయి, అన్నీ స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకో. 1930కి ఫోన్ చేసి సైబర్ క్రైమ్ ఫిర్యాదు ఇవ్వు. ఇలాంటి అప్పుల వాళ్ల మీద ఫిర్యాదులు తీసుకునే రిజర్వ్ బ్యాంక్ వాళ్ల సచేత్ వెబ్‌సైట్‌లో కూడా పెట్టు. ఇంకో పని, అన్నిటికంటే కష్టమైనది ఇదే. వాళ్లు చెయ్యకముందే నువ్వే నీ క్లాసు వాళ్లకి, మన చుట్టాలకి ఒక మెసేజ్ పెట్టు: "నా పేరు మీద ఒక యాప్ వాళ్లు మీకు ఫోన్ చేయొచ్చు, పట్టించుకోకండి." వాళ్ల దగ్గరున్న కత్తి నీ సిగ్గు ఒక్కటే. నువ్వే చెప్పేస్తే దానికి పదును పోతుంది.

2020 చివర్లో హైదరాబాద్‌లోనే ఈ యాప్‌ల వేధింపులకు ప్రాణాలు తీసుకున్నవాళ్లున్నారు. పోలీసులు కాల్ సెంటర్ల మీద పడి అరెస్టులు చేశారు. అలాంటి పిచ్చి ఆలోచన కాస్త తలలో మెదిలినా సరే, అర్ధరాత్రయినా నాకు ఫోన్ చెయ్. పుస్తకాల సాకు అక్కర్లేదు.

ఇప్పుడు నా సంగతి ఒకటి చెబుతాను. 1986లో నేను పీజీ చదివేటప్పుడు రెండు నెలల మెస్ బిల్లు కట్టలేకపోయాను. బాకీదారుల పట్టీ నోటీస్ బోర్డు మీద అంటించారు, అందులో నా పేరు నాలుగోది. ఆ బోర్డు ముందునుంచి నడవలేక హాస్టల్ వెనక గోడ దూకి క్లాసుకి వెళ్లేవాణ్ణి. తాతయ్య దూడను అమ్మి కొనిచ్చిన అట్లాస్ సైకిల్ ఉండేది. దాన్ని 180 రూపాయలకి అమ్మేసి బిల్లు కట్టి, ఇంటికి మాత్రం దొంగలు ఎత్తుకుపోయారని ఉత్తరం రాశాను. తాతయ్య ఆ ఉత్తరం చదివించుకుని బస్సెక్కి వచ్చేశాడు. రెండు రోజులు నన్ను వెంటబెట్టుకుని పోలీస్ స్టేషన్ చుట్టూ తిరిగాడు. నేను పక్కనే నిలబడి సైకిల్ గుర్తులు చెప్పాను, వెనక మడ్‌గార్డ్ మీద సొట్ట ఉంటుందని కూడా. అదే వారం నా పక్క రూము వాడు వార్డెన్‌కి ఒక అర్జీ రాసిచ్చి, నెలకు యాభై చొప్పున కట్టుకునేలా ఒప్పించుకున్నాడు. అర ఠావు కాగితంతో అయ్యే పని అది.

అందుకే చెబుతున్నాను, బిల్లు కట్టలేని నెల వస్తోందని తెలిసిన రోజే వెళ్లి అడుగు. గడువు దాటాక అడిగితే ప్రాధేయపడినట్టుంటుంది. ముందడిగితే మాట్లాడుకున్నట్టుంటుంది. నోటితో చెప్పి ఊరుకోకు, కాగితం మీద రాసివ్వు, ఒక కాపీ మీద సంతకం చేయించుకుని దాచుకో. ఆఫీసుల్లో మనుషులు మారుతుంటారు, కాగితమే మిగిలేది. పరీక్ష ఫీజు విషయంలో ఇది మరీ ముఖ్యం. చివరి తేదీ దాటితే లేట్ ఫీజు, అదీ దాటితే సెమిస్టరే పోతుంది. మెస్ బాకీకి, పరీక్ష ఫీజుకి మధ్య ఒక్కదానికే డబ్బుంటే కళ్లు మూసుకుని పరీక్ష ఫీజు కట్టు. మెస్ బాకీ ఆగుతుంది.

అన్నట్టు, నీ రూములో ఇద్దరు నాన్ బోర్డర్లు, అదే హాస్టల్ సీటు లేనివాళ్లు, ఉంటున్నారట. ఉండనీ, మా రోజుల్లోనూ ఉండేవాళ్లు, అందులో ఒకడు తర్వాత డిప్యూటీ తహసీల్దార్ అయ్యాడు. వాళ్లు తిన్నది గెస్ట్ చార్జీలుగా నీ పేరు మీద పడకుండా మాత్రం చూసుకో. పండక్కి ఊరొచ్చేటప్పుడు, లేని రోజులకు బిల్లు పడకుండా మెస్ కట్ రాయించడం మర్చిపోకు. దసరాకి పదకొండు రోజులు ఇంట్లో తిన్నావు. మెస్ కట్ రాయించావా?

ఇక స్కాలర్‌షిప్. ఇది నా సొంత పొలం, కాబట్టి కాస్త ఎక్కువే చెబుతాను. ఆ డబ్బు వస్తుంది, కానీ నీకు అవసరమున్న నెలలో రాదు. ఏ ప్రభుత్వమున్నా బకాయిలు చూశాను. కాబట్టి దాన్ని వచ్చే నెల లెక్కలో వేసుకోకు, పాత బాకీ తీర్చే డబ్బుగానే చూడు. "ఇంకా పడలేదు" అని ఊరికే కూర్చోకుండా ఎక్కడ ఆగిందో తెలుసుకో. ప్రభుత్వ స్కాలర్‌షిప్ వెబ్‌సైట్ ఈ-పాస్‌లో నీ అప్లికేషన్ నంబర్ కొట్టి స్టేటస్ చూడు. కాలేజీ దగ్గర పెండింగ్ అంటే హార్డ్ కాపీలు ఇవ్వలేదనో, హాజరు 75 శాతం లేదనో, వేలిముద్ర వెయ్యలేదనో అర్థం. అది నీ చేతిలో పని. సంక్షేమ శాఖ ఆఫీసులో ఆగితే క్లర్క్‌ని కలిసి ఏ కాగితం తక్కువైందో అడుగు. బిల్లు ట్రెజరీకి వెళ్లి టోకెన్ (చెల్లింపు వరస నంబర్) పడిందంటే మాత్రం ఇక నువ్వు చేసేదేమీ లేదు, ఏ ఆఫీసు చుట్టూ తిరిగినా చెప్పులరగడమే. ఆ టైములో వెళ్లి చదువుకో.

డబ్బు విడుదలైనా కొందరికి చేరదు, అదొక వింత. ఒకమ్మాయి ఏడాదిపాటు మా కౌంటర్ దగ్గర ఏడ్చింది. తీరా చూస్తే ఆమె ఆధార్ ఎప్పుడో స్కూల్లో తీయించిన జీరో బ్యాలెన్స్ ఖాతాకి ముడిపడి ఉంది, డబ్బంతా అక్కడే పడుతోంది. పాస్‌బుక్ ఊళ్లో ట్రంకు పెట్టెలో ఉంది. ఆధార్‌తో వచ్చే ప్రభుత్వ డబ్బు నువ్వు అనుకున్న ఖాతాకి పోదు, ఆధార్ చివరగా ఏ బ్యాంకుకి ముడిపడిందో అక్కడికి పోతుంది. నీదెక్కడుందో ఈ వారమే బ్యాంకుకి వెళ్లి అడుగు. టెన్త్ మెమోలో పేరు, ఆధార్‌లో పేరు అక్షరం తేడా లేకుండా ఉన్నాయో కూడా చూసుకో.

అసలు నీ ఇబ్బందికి మూలం ఇక్కడుంది. మీ నాన్నకి డబ్బు పత్తి అమ్మినప్పుడు వస్తుంది. నీ స్కాలర్‌షిప్ ఎప్పుడొస్తుందో దేవుడికి తెలియాలి. మెస్ బిల్లు మాత్రం నెల నెలా వచ్చేస్తుంది. డబ్బు లేకపోవడం ఒకటి, డబ్బొచ్చే రోజూ ఖర్చొచ్చే రోజూ కలవకపోవడం ఇంకొకటి. నీది ఎక్కువగా రెండోది. పత్తి అమ్మిన వారంలోనే నాన్నను కూర్చోబెట్టి, వేసవి దాకా నీకెంత ఇవ్వగలడో అడిగి, దాన్ని వేరే ఖాతాలో వేసుకో. ఆ ఖాతాకి ఫోన్‌పే తగిలించకు.

టీలు మానెయ్, సినిమాలు మానెయ్ అని చెప్పను. ఆర్ట్స్ కాలేజీ ముందు స్నేహితులతో టీ తాగకుండా ఉస్మానియాలో చదివి ఏం లాభం? పుస్తకాలు ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద చూడు, కోఠీలో చూడు, సీనియర్లని అడుగు. యూజీసీ వాళ్ల ఈ-పీజీ పాఠశాలలో నీ సబ్జెక్టు పాఠాలు ఉచితంగా ఉన్నాయి. చేతిలో ఏమీ లేని రోజు నగరపాలక క్యాంటీన్ల ఐదు రూపాయల భోజనం దగ్గర నిలబడడానికి నామోషీ పడకు. సాయంత్రాలు తార్నాక, హబ్సిగూడ వైపు ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెప్పుకో. డబ్బు నెల మొదట్లో ఇమ్మని అడుగు. చివర్లో అయితే పరీక్షలయ్యాక ఫోన్లెత్తరు.

ఒక్కటి మాత్రం ప్రాణం పోయినా చెయ్యకు. "నీ బ్యాంకు ఖాతా, ఏటీఎం కార్డు కొన్నాళ్లు మాకివ్వు, ఐదు వేలిస్తాం" అని ఎవడైనా అంటే పారిపో. దోచుకున్న డబ్బు తిప్పడానికి వాళ్లకు ఖాతాలు కావాలి. పోలీసులు ముందు వచ్చేది ఖాతా ఎవరి పేరు మీద ఉందో వాళ్ల దగ్గరికే. స్టూడెంట్ అంటే వదలరు. సర్కారు ఉద్యోగం వచ్చినా వెరిఫికేషన్‌లో ఆ కేసు బయటికొస్తుంది.

మరీ పెద్ద మొత్తం కావాల్సొస్తే బ్యాంకు విద్యా రుణం ఉంది. సాధారణంగా నాలుగు లక్షల దాకా తాకట్టు అడగరు, బయటి జామీను అడగరు. తల్లో తండ్రో కలిసి సంతకం పెడితే చాలు. చదువు అయిపోయిన ఏడాదికి కిస్తీలు మొదలవుతాయి. ఇప్పుడు నీకది అవసరమని నాకనిపించడం లేదు.

ఆరు వేలు తిరిగి ఇవ్వాల్సిందే. నెలకు ఐదు వందలు, వడ్డీ లేదు. ఆదివారం నాన్నకి ఫోన్ చేసి యాప్ సంగతి నీ నోటితో చెప్పు. కోప్పడతాడు, పడనీ. అదే రోజు మీ అమ్మకి సైకిల్ సంగతి నేను చెబుతాను. అప్పుడు మీ అమ్మకి పన్నెండేళ్లు. ఆ దొంగని తిట్టుకుంటూ రెండు రోజులు అన్నం మానేసింది. ఇప్పటికీ ఆ మాటెత్తితే తిడుతుంది.

మీ మామయ్య