జైల్లో దాచుకున్న 58 వేలు పాత లోన్‌కి కట్టేయాలా?

ఆరిలోవ నుంచి ఒక చెల్లెమ్మ రాశారు. వాళ్ళాయనకి కొట్లాట కేసులో ఐదేళ్ళు శిక్ష పడింది, అడవివరం సెంట్రల్ జైలు నుంచి పోయిన నెలే ఇంటికొచ్చారు. లోపల కార్పెంటరీ చేసిన కూలి 58 వేలు చేతిలో ఉంది. పాత పర్సనల్ లోన్ వాళ్ళు 50 వేలు కడితే సెటిల్ చేస్తామంటున్నారు, గాజువాకలో ఇంకొకాయన 15 వేలిస్తే సెక్యూరిటీ గార్డు ఉద్యోగం వేయిస్తానంటున్నాడు, దేనికి పెట్టమంటారు అని అడుగుతున్నారు.

చెల్లెమ్మా, ముందు ఆ 15 వేలు మాత్రం ఇవ్వొద్దు. ప్రైవేట్ సెక్యూరిటీ ఏజెన్సీలకి 2005లో చట్టం వచ్చింది, కోర్టులో శిక్ష పడినవాళ్ళని గార్డుగా పెట్టుకోకూడదని అందులోనే ఉంది, దాచిపెట్టి చేరినా వెరిఫికేషన్‌లో బయటపడ్డ రోజు ఉద్యోగం పోతుంది, మీ డబ్బులు ఎలాగూ రావు. గల్ఫ్ ఆలోచన ఉంటే తీర్పు కాపీ మీద తేదీ చూడండి. కొన్ని రకాల నేరాల్లో రెండేళ్ళు, ఆపైన శిక్ష పడితే పాస్‌పోర్ట్ కాదనొచ్చు, కానీ ఆ అడ్డం ఐదేళ్ళే, అదీ విడుదలైన రోజు నుంచి కాదు, శిక్ష పడిన రోజు నుంచి లెక్క.

ఇక లోన్. జైలుకెళ్ళొచ్చాడు, ఇంక ఏ బ్యాంకూ గుమ్మం ఎక్కనివ్వదు అని చాలామంది భయపడతారు గానీ సిబిల్ రిపోర్టులో, అంటే మన అప్పులు ఎలా కట్టామో చూపించే చిట్టాలో, కేసు సంగతే ఉండదండీ, ఉండేది కట్టని ఈఎంఐలు. ఏడాదికోసారి ఫుల్ రిపోర్టు ఫ్రీ, తీసి చూడండి. 50 వేలు కట్టేస్తే మీకు మిగిలేది 8 వేలు, రిపోర్టులో 'క్లోజ్డ్' (మొత్తం కట్టేశారు) బదులు 'సెటిల్డ్' (తగ్గించి కట్టారు) అని పడుతుంది. నా దగ్గరికొచ్చే కంచరపాలెం కార్పెంటర్ ఒకాయన అలాగే సెటిల్ చేసుకుని, తర్వాత బండి లోన్‌కి వెళ్తే ఆ ఒక్క మాట చూసి వెనక్కి పంపేశారు.

అందుకని నేనైతే, 20 వేలు డ్రిల్లు, కటింగ్ మిషన్, ఉలులకి పెడతా, సెకండ్ హ్యాండ్ అయినా పర్లేదు, మధురవాడ అపార్ట్‌మెంట్లలో కిచెన్ పనులు దొరుకుతూనే ఉంటాయి. 25 వేలు ఇంట్లో బియ్యానికీ అద్దెకీ పక్కన. మిగతాది పట్టుకుని బ్రాంచికి వెళ్ళి, విడుదల కాగితం చూపించి, పెనాల్టీ తగ్గించి నెలనెలా కట్టనివ్వమని రాతపూర్వకంగా అడగండి. ఒప్పుకుంటే లెటర్ చేతికొచ్చాకే, అదీ లోన్ అకౌంట్‌లోనే కట్టాలి, వసూలుకొచ్చే ఏజెంట్ల ఫోన్‌పేకి రూపాయి కూడా వద్దు. పొద్దున 8కి ముందు, రాత్రి 7 తర్వాత వాళ్ళు ఫోన్ చేయకూడదు, చేస్తే టైమ్ రాసిపెట్టుకోండి.

మీ డ్వాక్రా లోన్ మీ పేరుది, ఆయన కేసుకి దానికి సంబంధం లేదు, దాన్ని తీసి ఈ బాకీలో పోయకండి.

రెండేళ్ళు లావాదేవీ లేక ఆయన అకౌంట్ ఆగిపోయుంటుంది. కేవైసీ ఇస్తే తెరుస్తారు, ఛార్జీ ఉండదు. పాన్ ఆధార్‌తో లింకయ్యిందో లేదో అప్పుడే చూసుకోండి, అవ్వకపోతే వెయ్యి ఫీజు. అకౌంట్ తెరిచాక ఏడాదికి 20 రూపాయల ప్రధానమంత్రి సురక్షా బీమా (ప్రమాద బీమా) పెట్టించండి, మిషన్ల మీద పనికదా. వేలు తెగితే రాదు, చెయ్యి పోతే లక్ష, ప్రాణం పోతే రెండు లక్షలు. బ్యాంకుకి ఆయన్ని ఒక్కర్నీ పంపకండి, మీరూ వెళ్ళండి, పాత పాస్‌బుక్ చినిగిపోయినా సరే పట్టుకెళ్ళండి.