పాత అమెజాన్ స్వోర్డ్‌ను లాగకండి, వేళ్ళు కోసి తీయండి

మూడడుగుల చేపల తొట్టెలో సగం ఆక్రమించిన అమెజాన్ స్వోర్డ్ అనే నీటిమొక్కను, తొట్టె ఖాళీ చేయకుండా, చేపలకు హాని కలగకుండా ఎలా తీయాలని అడిగారు. తీయవచ్చు. కానీ దయచేసి పట్టుకుని లాగకండి. విశాఖపట్నంలో ఎం.వి.పి. కాలనీలోని మా ఇంట్లో ఇదే మొక్క విషయంలో నేను చేసిన తప్పు మీరు చేయకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

మా తొట్టెలో మూడు కుదుళ్ళు నాలుగేళ్ళు పెరిగాయి. ఒక మే నెల మధ్యాహ్నం పెద్ద కుదురును నారు పీకినట్టు ఒక్కసారిగా పీకేశాను. నారుమడిలో వేళ్ళు మెత్తని బురదలో ఉంటాయి కాబట్టి జారి వచ్చేస్తాయి. స్వోర్డ్ వేళ్ళు అలా కాదు. గ్రావెల్ (తొట్టె అడుగున పరిచే చిన్న రాళ్ళు) కింద అద్దాల దాకా పాకి, రాళ్ళను చాపలా అల్లుకుంటాయి. కుదురుతో పాటు అడుగున ఉన్న గ్రావెల్‌లో సగం పైకి లేచింది. ఏళ్ళ తరబడి పేరుకున్న చేపల మలం, చివికిన ఆకులు, నల్లని బురద అంతా నీళ్ళలో కలిసింది. కుళ్ళిన కోడిగుడ్డు వాసన గదంతా నిండింది. ఆక్సిజన్ అందని అడుగు పొరల్లో పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ వాసన అది. పైగా ఎండాకాలం. నీరు వేడెక్కే కొద్దీ అందులో కరిగే ఆక్సిజన్ తగ్గుతుంది. సాయంత్రానికి చేపలన్నీ పైకి వచ్చి నోళ్ళు తెరిచాయి. తెల్లవారేసరికి ఆరు నియాన్ టెట్రాలు చనిపోయాయి. తలుచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

మిగిలిన రెండు కుదుళ్ళను వేరే పద్ధతిలో తీశాను. ఒక్క చేపకూ ఏమీ కాలేదు.

ముందు ప్లగ్గులన్నీ తీసేయండి. బయటి ఆకులను మొదలంటా కత్తిరిస్తే చేయి ఆడేందుకు చోటు దొరుకుతుంది. పొడవాటి కత్తెరను కుదురుకు రెండంగుళాల దూరంలో నిలువుగా దించి, చుట్టూ వేళ్ళు కోసుకుంటూ రండి. తెగుతున్న సంగతి చేతికే తెలుస్తుంది. తర్వాత ఒక అరచేతితో గ్రావెల్‌ను అదిమిపట్టి, రెండో చేత్తో కుదురును అటూ ఇటూ కదుపుతూ మెల్లగా ఎత్తండి. అదే సమయంలో ఇంకొకరు సైఫన్ గొట్టాన్ని (నీటిని కిందనున్న బకెట్లోకి లాగే గొట్టం) పక్కనే పట్టుకుంటే, లేచిన బురద లేచినట్టే బకెట్లోకి పోతుంది. మా చెల్లెలు పట్టుకోబట్టే నా పని సాగింది. ఫిల్టర్‌ను మాత్రం గంటకు మించి ఆపకండి. అందులోని మంచి బ్యాక్టీరియాకు కూడా ఆక్సిజన్ కావాలి.

మిగిలిన వేళ్ళ కోసం తవ్వకండి. కుదురు పోయాక స్వోర్డ్ వేళ్ళు మళ్ళీ చిగురించవు, అడుగునే నెమ్మదిగా చివికిపోతాయి. క్రిప్టోకోరిన్, వాలిస్నేరియా లాంటి వేరే నీటిమొక్కలైతే ఈ మాట చెల్లదు. చిన్న దుంప ముక్కో, పిలక తీగో మిగిలినా తిరిగి మొలుస్తాయి, వాటిని కొన్ని వారాలు కనిపెట్టుకుని తీయాలి.

ఖాళీ అయిన చోట పోయడానికి ఆర్.కె. బీచ్ ఇసుక తెద్దామని నాకూ అనిపించింది. మీరు అసలు తేకండి. ఉప్పు సంగతి అలా ఉంచితే, అందులోని గవ్వల పొడి నీటి పీహెచ్‌ను (క్షారగుణాన్ని) పెంచుతుంది. పీహెచ్ పెరిగిన నీటిలో, చేపల మలం, చివికిన ఆకుల నుంచి పుట్టే అమ్మోనియా చేపలకు మరింత విషమవుతుంది. సరిగ్గా బురద కదిలిన రోజుల్లో అది ఎంత ప్రమాదమో ఆలోచించండి. బాగా కడిగిన నదీ ఇసుక చాలు.

పని అయ్యాక మూడో వంతు నీరు మార్చండి. కుళాయి నీరైతే సోడియం థయోసల్ఫేట్‌తో క్లోరిన్ పోగొట్టాకే పోయండి. వారం రోజులు మేత సగానికి తగ్గించి, ఎయిర్ పంప్ రాత్రింబగళ్ళు నడపండి, వీలైతే రోజూ అమ్మోనియా పరీక్ష చేయండి. ఎరువు పీల్చుకునే పెద్ద మొక్క పోయింది, వెలుతురేమో నేరుగా అడుగుకు పడుతుంది. నాచు పట్టడానికి ఇంతకంటే మంచి అవకాశం ఉండదు. దీపం వెలిగే సమయాన్ని రోజుకు ఆరు గంటలకు తగ్గించి, గుప్పెడు హార్న్‌వర్ట్ అనే నీటిమొక్క వేయండి. దానికి వేళ్ళే ఉండవు, వద్దనుకున్న రోజున చేత్తో తీసేయవచ్చు.

తీసిన మొక్కను కాలువలోనో, గెడ్డలోనో పడేయకండి. మన చెరువులను కమ్మేసిన గుర్రపుడెక్క కూడా దక్షిణ అమెరికా నుంచి అందం కోసం తెచ్చుకున్న మొక్కే. డాబా మీద పూర్తిగా ఎండబెట్టి పూలకుండీల్లో ఎరువుగా వేసుకోండి.

మీ తొట్టె అడుగున గ్రావెల్ కాకుండా ఆక్వాసాయిల్ (నీటిమొక్కల కోసం గుళికలుగా చేసిన మట్టి) ఉంటే చెప్పండి. అది చేయి తగిలితే పొడిపొడి అవుతుంది కాబట్టి, ఒక వైపు వేళ్ళు ఈ వారం, రెండో వైపు వచ్చే వారం కోయాలి.