మంచం కింద పెట్టిన ఆ బ్యాటరీల గురించి

మౌలాలి, హైదరాబాద్

చిట్టీ,

నిన్న రాత్రి నాన్న ఫోను చేసి నీ సంగతులన్నీ చెప్పాడు. అపార్ట్‌మెంటులో ఇంటింటికీ తిరిగి మూలపడిన ల్యాప్‌టాప్‌లు అయిదు పోగుచేశావట. ఎర్రగడ్డ ఆదివారం సంతలో బేరమాడి మరో రెండు తెచ్చావట. తెరతో నానమ్మకు ఫొటోల ఫ్రేము, స్పీకర్లతో పాటల పెట్టె, బ్యాటరీలతో అమ్మకు వంటింట్లో కరెంటు పోయినప్పుడు వెలిగే దీపం చేస్తానన్నావట. వింటుంటే నాకు కళ్లు చెమర్చాయి. నా పని మన ఇంట్లో ఎవరికీ అబ్బలేదని చాలాకాలం బెంగగా ఉండేది. ఇన్నేళ్లకు నీ చేతికి వచ్చింది. అంతలో నాన్న, "బ్యాటరీలన్నీ విప్పి అట్టపెట్టెలో వేసి మంచం కింద పెట్టుకుంది అక్కా" అన్నాడు. ఆ తరువాత నాకు నిద్ర పట్టలేదు.

అందుకని ముందు ఒక పని చెయ్యి. ఉత్తరం ఇక్కడ ఆపి, ఆ పెట్టెను బాల్కనీలో ఎండ తగలని చోట గచ్చు మీద పెట్టు. చుట్టూ గుడ్డలు, కాగితాలు ఉండకూడదు. ప్రతి సెల్లుకూ రెండు కొసల మీద టేపు అంటించు, ఒకదాని కొస ఇంకొకదానికి తగలకుండా. ఉబ్బినది, సొట్ట పడినది, తీపి వాసన వేసేది కనబడితే నువ్వు ముట్టుకోకుండా నాన్నను పిలువు. దాన్ని ఇసుక పోసిన కుండలో వేరుగా పెట్టాలి.

పెట్టావా? సరే, ఇక మిగతాది చదువు.

ఏడింటినీ విప్పేముందు ఒక్కొక్కదానికీ ఛార్జర్ తగిలించి చూడు. బతికున్నదాన్ని కోయవద్దు. చాలా పాత ల్యాప్‌టాప్‌లకు వచ్చే జబ్బు హార్డ్‌డిస్క్ నెమ్మదించడమే. దాని బదులు తిరిగే పళ్లేలు లేని వేగమైన డిస్కు, అదే ఎస్‌ఎస్‌డీ, చిన్నది ఒకటి వేసి, విండోస్‌కు బదులు ఉచితంగా దొరికే లినక్స్ ఎక్కిస్తే మీ వాచ్‌మన్ గారి అబ్బాయి చదువుకు మూడు నాలుగేళ్లు పనికొస్తుంది. తుక్కుతో బొమ్మ చేయడం కన్నా అది పెద్ద పని, నా మాట నమ్ము.

విప్పేటప్పుడు స్క్రూలను ఏ వరుసలో తీశావో ఆ వరుసలో కాగితం మీద గుచ్చి పెట్టుకో. హార్డ్‌డిస్క్‌లను మాత్రం బొమ్మలుగా మార్చేముందు ఎవరివి వారికి చూపించు, వారి ఫొటోలు వారికి తీసి ఇచ్చి తరువాత పూర్తిగా చెరిపెయ్యి. లోపలి పళ్లేలు అద్దంలా మెరుస్తాయని గడియారం చేస్తారు చాలామంది. ల్యాప్‌టాప్ డిస్కుల్లో ఆ పళ్లెం చాలాసార్లు నిజంగా గాజే. వంచబోతే పగిలి కళ్లలోకి చిమ్ముతుంది. డిస్కులోని అయస్కాంతాలు రెండు దగ్గరకు వస్తే మధ్యలో నీ వేలి చర్మం నలిగిపోతుంది.

వెబ్‌క్యామ్‌కు సాధారణంగా నాలుగు తీగలే, యూఎస్‌బీకి కలిపితే పనిచేస్తుంది. కానీ కొన్ని 3.3 వోల్టులవి, 5 ఇస్తే కాలిపోతాయి, చూసుకో. స్పీకర్లకు 5 వోల్టులతో నడిచే చిన్న యాంప్లిఫయర్ (శబ్దాన్ని పెంచే) బోర్డు చాలు, కోఠి గుజరాతీ గల్లీలో అడుగు. ఛార్జర్ తీగ మధ్యలో ఇటుకలా ఉండే పెట్టెను విప్పవద్దు. మన 230 వోల్టుల కరెంటును నేరుగా మార్చే సరుకు అది, కరెంటును నిలవ ఉంచుకునే లోపలి పెద్ద కెపాసిటర్ దాదాపు 325 వోల్టుల దాకా నింపుకుని ఉంటుంది, ప్లగ్గు పీకినా కాసేపు అలాగే ఉంటుంది. మదర్‌బోర్డు ఫ్యాన్ పారేయకు. దాన్ని నీ సోల్డరింగ్ (టంకం వేసే) బల్ల మీద అమర్చుకుంటే పొగను ముఖం మీదికి రాకుండా లాగేస్తుంది.

ఆ పొగ గురించి నాకు బాగా తెలుసు. పెళ్లికి ముందు కుషాయిగూడ వైపు ఒక కంపెనీలో బోర్డులు అతికేదాన్ని. పొడుగాటి బల్లకు రెండు వైపులా ఇరవై మంది ఆడపిల్లలం. ఒక్కొక్కరి ముందు ఒక దీపం, ఒక తడి స్పాంజి. మా సూపర్‌వైజరమ్మ వెనుక నుంచి నడిచి వస్తే చెప్పుల చప్పుడు బట్టి వెన్ను నిటారుగా పెట్టుకునేవాళ్లం. టంకం వేసిన చోటు బంతిలా ఉబ్బి ఉంటే ఆమె గోటితో గీరి, "ఇది అంటుకోలేదు, ఊరికే కూర్చుంది" అనేది. సరైనది చిన్న కొండలా వాలుగా, మెరుస్తూ ఉండాలి. తీగనూ, అది అతికే బోర్డు మీది లోహపు చుక్కనూ (ప్యాడ్) ముందు వేడిచేసి, ఆ వేడికి సోల్డర్ కరగాలి. ఐరన్ కొసకు సోల్డర్ పూసి అంటించడం పని కాదు. ఆ సోల్డర్‌లో సీసం ఉంటుంది కనుక చేతులు సబ్బుతో కడగనిదే అన్నం డబ్బా మూత తీయనిచ్చేది కాదు. నువ్వు పని చేస్తూ బిస్కెట్లు తింటున్నావని నాన్న అన్నాడు. మానెయ్యి. ఈ మాట రెండోసారి చెప్పించుకోకు.

ఇప్పుడు దీపం గురించి. ఇది నీకు ఎవరూ చెప్పలేదు. చెప్పవద్దని నేనే మీ అమ్మానాన్నలను బతిమాలాను.

2012లో కరెంటు కోతలు నీకు గుర్తుండవచ్చు. నువ్వు మూడో తరగతి, పెద్ద పరీక్షలు దగ్గరికి వచ్చాయి. సరూర్‌నగర్‌లో మీ పాత ఇంట్లో ఇన్వర్టరు లేదు. కొవ్వొత్తి ముందు కూర్చుని ఎక్కాలు రాస్తుంటే నీ జడ కొస అంటుకోబోయిందని మీ అమ్మ చెప్పింది. నేను అప్పుడు సికింద్రాబాద్‌లో కంప్యూటర్ల దుకాణాలుండే సీటీసీలో ల్యాప్‌టాప్‌లు బాగుచేసే కౌంటర్లో ఉన్నాను. చచ్చిన బ్యాటరీ ప్యాక్‌లు మా కాళ్ల దగ్గర బుట్టనిండా ఉండేవి. ఒకటి తీసుకుని అంచు వెంట పగలగొట్టాను. లోపల ఆరు సెల్లులు, రెండేసి చొప్పున మూడు జతలు. మీటరు పెడితే రెండు జతలు 3.6 వోల్టులు చూపించాయి. మూడో జత 1.1.

ఆ జత కారణంగానే ప్యాక్‌లోని చిన్న రక్షణ బోర్డు ఛార్జింగ్ తీసుకోవడం మానేసింది. నేను దాన్ని అడ్డంకి అనుకున్నాను. కత్తిరించి పక్కన పెట్టాను. చచ్చిన జతను మంచి జతకు ప్లస్సుకు ప్లస్సు, మైనస్సుకు మైనస్సు తాకించి కొన్ని క్షణాలు పట్టుకున్నాను. కౌంటర్లలో అందరూ చేసే పని అది. వోల్టేజీ లేచింది. లేపగలిగానని సంతోషించాను. ఆరింటినీ పక్కపక్కన, ప్లస్సులన్నీ ఒకచోట, మైనస్సులన్నీ ఒకచోట కలిపి సోల్డర్ చేసి, ఒక ఛార్జింగ్ మాడ్యూల్ పెట్టి, ప్లాస్టిక్ టిఫిన్ డబ్బాలో బిగించి, మూతకు ఎల్‌ఈడీలు అతికి నీ చదువు బల్ల మీద పెట్టాను. నువ్వు దానికి చమ్కీలు అంటించావు.

తొమ్మిది రాత్రులు బాగా వెలిగింది. పదో రాత్రి నేనూ మీ ఇంట్లోనే పడుకున్నాను. రెండింటి ప్రాంతంలో కరెంటు వచ్చింది, ప్లగ్గులో ఉన్న దీపం ఛార్జ్ కావడం మొదలుపెట్టింది. కొంతసేపటికి నాకు మెలకువ వచ్చింది. గోళ్ల రంగు తుడిచే మందు లాంటి తియ్యటి, ఘాటైన వాసన. ఎక్కడో కుక్కర్ ఆవిరి వదులుతున్నట్టు చప్పుడు. లేచి చూస్తే నీ బల్ల మీద డబ్బా కరిగి వాలుతోంది. బల్లకూ నీ మంచానికీ మధ్య జానెడు ఎడం. మీ అమ్మ నిన్ను నిద్రలోనే ఎత్తుకుని మెట్ల మీదికి పరుగెత్తింది. ఒక సెల్లు నిప్పులు కక్కుతూ పేలింది. నాన్న నీళ్ల బకెట్ తెచ్చి ఆనించాడు, నేను చీపురుకర్రతో ఆ ముద్దను అందులోకి తోశాను. నీళ్లలో పడ్డాక ఇంకొకటి పేలింది. గది అంతా నల్లటి పొగ.

ఆ రాత్రి అందరం డాబా మీద పడుకున్నాం. నీకు మెలకువ వచ్చి ఎందుకని అడిగితే, గాలి కోసమని నానమ్మ చెప్పింది. నువ్వు చుక్కలు లెక్కపెడుతూ నిద్రపోయావు. ఇప్పటికీ ఆ రాత్రిని ఎంత ఇష్టంగా తలుచుకుంటావో! నువ్వు ఆ మాట ఎత్తిన ప్రతిసారీ నేను వంటింట్లోకి వెళ్లిపోవడం చూసే ఉంటావు. తెల్లవారే దాకా నీళ్ల ట్యాంకుకు ఆనుకుని కూర్చుని నీ ఊపిరి చూస్తూ ఉన్నాను.

నీ బల్ల ఇప్పుడు నానమ్మ గదిలో ఉంది కదా. దాని మీద నాన్న అంటించిన భారతదేశ పటాన్ని మూల పట్టుకుని ఎత్తి చూడు. పళ్లెమంత నల్లటి గుంట కనిపిస్తుంది. పదో తరగతి దాకా నువ్వు నదుల పేర్లు దాని మీదే నేర్చుకున్నావు.

నా తప్పు ఎక్కడుందో స్పష్టంగా చెబుతాను, ఎందుకంటే ఆ పని ఇంకా చాలామంది చేస్తున్నారు. సెల్లు 2 వోల్టుల కిందికి దిగి ఉండిపోతే లోపలి రాగి రేకు కరిగి ద్రవంలో కలుస్తుంది. మళ్లీ ఛార్జ్ చేసినప్పుడు ఆ రాగి ఎక్కడంటే అక్కడ పేరుకుని లోపలే షార్ట్ అవుతుంది. మీటరు మీద 4.2 చూపిస్తుంది, ఆరోగ్యంగా కనిపిస్తుంది, ఒక రోజు పడిపోతుంది. పక్కపక్కన కలిపిన మిగతా అయిదు సెల్లులూ తమ కరెంటంతా దానిలోకే కుమ్మరిస్తాయి. వేడి ఇంకా వేడిని పుట్టిస్తుంది, ఆ తరువాత ఆపడం ఎవరి తరమూ కాదు. పైగా నేను సోల్డరింగ్ ఐరన్‌తో సెల్లు కొసల్ని కాల్చాను. అక్కడ నికెల్ పట్టీని స్పాట్ వెల్డింగే చేయాలి, అంటే సెల్లు వేడెక్కకుండా క్షణంలో చుక్కలా అతకాలి. ఆ చిన్న రక్షణ బోర్డు చెప్పింది నిజం, నేనే వినలేదు.

కాబట్టి 2.5 వోల్టుల కన్నా తక్కువ చూపించిన సెల్లును లేపే ప్రయత్నం చేయకు. అంతకన్నా ఎక్కువ ఉన్నవాటిని నేర్చుకోవడానికి వాడుకో. ఒక్కొక్కటిగా, పగటిపూట, నీ కళ్ల ముందు 4.2 దాకా ఛార్జ్ చెయ్యి. చేతికి వేడి తగిలితే పక్కన పెట్టు. రెండు వారాలు వదిలేసి మళ్లీ కొలిచినప్పుడు 4 కన్నా దిగితే అదీ పనికిరాదు. అన్ని పరీక్షలూ నెగ్గినా సరే, మనుషులు నిద్రపోయే ఇంట్లో పాత సెల్లుతో చేసిన దీపం పెట్టడానికి నేను ఒప్పుకోను. నీ స్నేహితులు అంతా అతిజాగ్రత్త అంటారు. అననీ. అమ్మ దీపానికి కొత్త సెల్లు ఒక్కటి కొను. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకమైతే అంత తొందరగా చెలరేగదు. కానీ దాని ఛార్జింగ్ 3.65 దగ్గర ఆగాలి, దానికి తగిన ఛార్జరే కావాలి. అమ్మ దీపానికయ్యే డబ్బు నేనిస్తాను.

పనికిరాని సెల్లులను చెత్త బండిలో వేయకు. లారీలో నలిగితే అంటుకుంటాయి, ఆ బండి మీద మనుషులు నిలబడి ఉంటారు. పాత బ్యాటరీలను సేకరించి రీసైక్లింగ్ చేయించే బాధ్యత 2022 నిబంధనల ప్రకారం తయారీదారులదే. టేపు వేసి నా దగ్గరికి తీసుకురా, ఇద్దరం వెళ్లి అప్పగిద్దాం.

ఫొటోల ఫ్రేము మాత్రం తప్పకుండా చెయ్యి, అది నాకు ఎంత నచ్చిందో చెప్పలేను. తెర వెనుక స్టిక్కరు మీద ప్యానెల్ నంబరు ఉంటుంది. ఆ నంబరుకు సరిపోయే కంట్రోలర్ బోర్డే (తెరను నడిపేది) కొనాలి, 30 పిన్నులదీ 40 పిన్నులదీ ఒకటి కాదు. పెన్‌డ్రైవ్ నుంచి ఫొటోలు చూపించే రకం అడుగు. సంతలో కొన్నవి మరీ పాతవైతే వెనుక ఎల్‌ఈడీలకు బదులు సన్నటి గాజు గొట్టం ఉంటుంది. అందులో పాదరసం ఉంటుంది, వెలిగించడానికి వందల వోల్టులు కావాలి. ఆ తెరను వదిలెయ్యి. మంచిదాన్ని అంచులు పట్టుకునే ఎత్తు, మధ్యలో వేలు నొక్కకు. నానమ్మకు శుక్లాల ఆపరేషన్ అయ్యాక తెల్లటి వెలుతురు గుచ్చుకుంటోంది, వెలుగు తగ్గించి పెట్టు. మొదటి ఫొటో తాతయ్య స్కూటరు మీద కూర్చున్నది. అది నా బీరువాలో ఉంది, ఎవరికీ ఇవ్వలేదు.

ఆదివారం పది గంటల లోపు రా. నా పాత సోల్డరింగ్ ఐరన్ నీ కోసం తుడిచి పెట్టాను, కొత్త బిట్టు వేశాను. తెరను పాత దుప్పటిలో చుట్టి తీసుకురా. బ్యాటరీల డబ్బా బస్సులో తేకు, నాన్నను స్కూటరు మీద తెమ్మను. పెసరట్లు వేస్తాను.

నీ అత్తయ్య