టెక్ సందేహాలు: యాంటీవైరస్ ఆపేయమన్న కోర్సు, చేజారిన అకౌంట్లు

ప్రశ్న: వీడియో ఎడిటింగ్ ఆన్‌లైన్ కోర్సులో చేరాను. సాఫ్ట్‌వేర్ కొనక్కర్లేదంటూ ట్రైనర్ గ్రూపులో ఒక జిప్ ఫైల్ పెట్టారు. యాంటీవైరస్ ఆపేసి ఇన్‌స్టాల్ చేయమన్నారు. చేశాను, బాగానే పనిచేసింది. కొన్ని రోజులకు నా మెయిల్, సోషల్ మీడియా అకౌంట్లు రెండూ పోయాయి. టూ స్టెప్ వెరిఫికేషన్ ఆన్‌లోనే ఉంది. ఓటీపీ ఎవరికీ చెప్పలేదు. మరి ఎలా పోయాయి?

జవాబు: డిజైన్ నేర్చుకునేవాళ్లు, అకౌంటింగ్ నేర్చుకునేవాళ్లు, ఇంజినీరింగ్ డ్రాయింగ్ నేర్చుకునేవాళ్లు కూడా ఇదే ప్రశ్న మళ్లీ మళ్లీ పంపుతున్నారు. సాఫ్ట్‌వేర్ పేరు ఒక్కటే మారుతోంది. అందుకే ఈసారి దీనికే ఎక్కువ చోటు ఇస్తున్నాను.

మిమ్మల్ని ఎవరూ ఓటీపీ అడగలేదంటే వాళ్లకు దానితో పని పడలేదనే అర్థం. మీరు ఒకసారి లాగిన్ అయ్యాక ప్రతి పేజీలోనూ పాస్‌వర్డ్ అడగకుండా వెబ్‌సైట్ మీ బ్రౌజర్‌లో సెషన్ కుకీ అనే గుర్తు దాచిపెడుతుంది. ఎగ్జిబిషన్‌లోకి వెళ్లేటప్పుడు చేతికి కట్టే పట్టీ లాంటిది అది. పట్టీ ఉన్నవాళ్లను మళ్లీ టికెట్ అడగరు. డబ్బు కట్టకుండా నడిచేలా లైసెన్స్‌ను దాటవేసే క్రాక్ ఫైళ్లతో కలిసి వచ్చే ఇన్ఫోస్టీలర్ (సమాచారం దొంగిలించే) రకం మాల్వేర్ ఆ కుకీలనే ఎత్తుకుపోతుంది. బ్రౌజర్‌లో సేవ్ చేసిన పాస్‌వర్డులు, ఆటోఫిల్ వివరాలు, డెస్క్‌టాప్ మీద టెక్స్ట్ ఫైల్‌లో రాసుకున్న బ్యాకప్ కోడ్‌లు కూడా వాటితో పాటే పోతాయి. అవతలివాళ్లు ఆ కుకీని తమ బ్రౌజర్‌లో పెట్టుకుంటే అప్పటికే లాగిన్ అయి ఉన్న మీ అకౌంట్ నేరుగా తెరుచుకుంటుంది. ఇంత పనికీ కొద్ది నిమిషాలు చాలు. పని ముగిశాక తనను తానే చెరిపేసుకునే రకాలూ ఉన్నాయి. అలాంటిది వచ్చి పోయాక స్కాన్ చేస్తే ‘ఏ ముప్పూ లేదు’ అనే వస్తుంది. ఆ మాట నమ్మి ఊరుకోవద్దు.

ఇలాంటి జిప్ ఫైళ్లకు పాస్‌వర్డ్ పెట్టి, ఆ పాస్‌వర్డ్‌ను పక్కనే రాసి ఇస్తుంటారు. ఎవరి నుంచీ దాచనప్పుడు తాళం ఎందుకని చాలామందికి అనుమానం రాదు. పాస్‌వర్డ్ ఉంటే లోపలి ఫైళ్లను మెయిల్ సర్వీసు గానీ యాంటీవైరస్ గానీ తెరిచి చూడలేవు. ఆ తాళం వాటి కోసమే. ‘క్రాక్ అన్నాక యాంటీవైరస్ గోల చేస్తుంది, పట్టించుకోకండి’ అని చెప్పడం కూడా మామూలైపోయింది. లైసెన్స్‌ను దాటవేసే ఫైళ్లను యాంటీవైరస్ పట్టుకునే మాట నిజమే. అయితే ఆ హెచ్చరిక ఉత్త క్రాక్ గురించా, దానిలో కూర్చున్న దొంగ గురించా అన్నది మీరు తేల్చుకోలేరు. పంపిన ట్రైనరూ తేల్చుకోలేరు.

ఇప్పుడు చేయాల్సిన పనులకు ఒక వరుస ఉంది, అది తప్పితే శ్రమంతా వృథా. ముందు ఆ కంప్యూటర్‌కు నెట్ తీసేయండి. పాస్‌వర్డులు దానిలో మార్చకండి, కొత్తవీ అటే పోతాయి. మీ ఫోన్ నుంచో, అనుమానం లేని మరో కంప్యూటర్ నుంచో మొదట మెయిల్ అకౌంట్ పట్టుకోండి. మిగతా అకౌంట్ల పాస్‌వర్డ్ రీసెట్ లింకులన్నీ దానికే వస్తాయి కాబట్టి అదే మొదలు. అకౌంట్ పూర్తిగా చేజారి ఉంటే, ఇంతకుముందు దాన్ని వాడిన ఫోన్ నుంచే, ఎప్పుడూ వాడే ఇంటి నెట్ మీదే రికవరీకి ప్రయత్నించండి. పరిచయమున్న పరికరం, నెట్‌వర్క్ నుంచి వచ్చిన విన్నపాన్ని రికవరీ వ్యవస్థలు ఎక్కువగా నమ్ముతాయి.

లోపలికి వెళ్లాక పాస్‌వర్డ్ మార్చి, ‘అన్ని పరికరాల నుంచి సైన్ అవుట్’ విడిగా నొక్కండి. పాస్‌వర్డ్ మార్చినా పాత సెషన్లు బతికే ఉండే సైట్లు ఉన్నాయి. తర్వాత రికవరీ ఫోన్ నంబర్, రికవరీ మెయిల్, కొత్తగా చేరిన పాస్‌కీలు (పాస్‌వర్డ్ బదులు వేలిముద్రతోనో ఫోన్ లాక్‌తోనో లాగిన్ చేయించేవి), యాప్ పాస్‌వర్డులు (ఒక్కో యాప్‌కు విడిగా ఇచ్చేవి), మీ అకౌంట్ వాడుకునే అనుమతి ఉన్న ఇతర యాప్‌లు, అన్నీ చూడండి. ఎక్కువమంది వదిలేసేది మెయిల్ సెట్టింగుల్లోని ఫిల్టర్లు, ఫార్వర్డింగ్. బ్యాంకు పేరున్న మెయిల్ వస్తే చదివినట్టు గుర్తు పెట్టి నేరుగా ట్రాష్‌లో వేసేలా దొంగలు ఒక ఫిల్టర్ పెట్టి పోతారు. పాస్‌వర్డ్ మార్చినంత మాత్రాన ఆ ఫిల్టర్ పోదు. నెల తర్వాత కూడా మీకు రావాల్సిన హెచ్చరికను అది మింగేస్తుంది. బ్యాకప్ కోడ్‌లు కొత్తవి తీసుకుంటే పాతవి చెల్లవు. మెయిల్ తర్వాత బ్యాంకు, దాని తర్వాత మిగతావి.

ఇక ఆ కంప్యూటర్. డాక్యుమెంట్లు, ఫొటోలు, ప్రాజెక్టు వీడియోలు మాత్రం బయటి డిస్క్‌లోకి కాపీ చేసుకోండి. ఇన్‌స్టాలర్ ఫైళ్లు, జిప్ ఫైళ్లు వద్దు. వేరే కంప్యూటర్‌లో తయారుచేసిన పెన్‌డ్రైవ్‌తో డిస్క్ మొత్తం చెరిపి ఆపరేటింగ్ సిస్టమ్ కొత్తగా వేయండి. ఒక రోజు పోతుంది, పోనివ్వండి.

వీడియో ఎడిటింగ్ నేర్చుకోవడానికి క్రాక్ అవసరమే లేదు. డావిన్సీ రిజాల్వ్ ఉచిత వెర్షన్‌తో తొలి మెట్లు మొత్తం ఎక్కవచ్చు. దానికి మంచి గ్రాఫిక్స్ కార్డు కావాలి. పాత కంప్యూటరైతే షాట్‌కట్ గానీ కేడెన్‌లైవ్ గానీ వాడండి. బొమ్మలకు క్రిటా, ఫొటోలకు గింప్, లోగోలకు ఇంక్‌స్కేప్, త్రీడీకి బ్లెండర్, ఇంజినీరింగ్ డ్రాయింగ్‌కు ఫ్రీక్యాడ్, సర్క్యూట్ బోర్డులకు కైక్యాడ్, మ్యాట్రిక్స్ లెక్కలకు ఆక్టేవ్ ఉన్నాయి. వీటిని దించుకునేటప్పుడూ జాగ్రత్త కావాలి. సెర్చ్‌లో అన్నిటికన్నా పైన కనిపించే ప్రకటన లింకుల్లో నకిలీ సైట్లు దూరిన సందర్భాలు ఉన్నాయి. ఆ వరుసలు వదిలేసి, సాఫ్ట్‌వేర్ సొంత సైట్‌కే వెళ్లండి.

ట్రైనర్లకు ఒక మాట. డబ్బు కట్టలేని విద్యార్థికి సాయం చేస్తున్నామనే మీరు ఆ ఫైల్ పంచుతున్నారు. మీ దగ్గర నేర్చుకునేవాళ్లు మాత్రం రేపు ఆఫీసులోనూ ‘ముందు యాంటీవైరస్ ఆపు’ అనే అలవాటుతోనే కూర్చుంటారు. సాఫ్ట్‌వేర్ కంపెనీల బాధ్యతా తక్కువేమీ కాదు. నెలల తరబడి చేయి తిరిగితే గానీ రాని పనిముట్టుకు వారం రోజుల ట్రయల్ ఇస్తే ఎవరికి ఏం వస్తుంది? వాటర్‌మార్క్ వేసుకోండి, ఎక్స్‌పోర్ట్ సైజు తగ్గించుకోండి. నేర్చుకోవడానికి మాత్రం గడువు పెట్టకండి.

ప్రశ్న: సెమిస్టర్ నోట్స్ పీడీఎఫ్ కోసం వెతుకుతుంటే ‘నేను రోబోను కాను’ పేజీ వచ్చింది. విండోస్ మీట, ఆర్ కలిపి నొక్కి, కంట్రోల్ వీ కొట్టి, ఎంటర్ నొక్కమంది. చేశాను. పీడీఎఫ్ రాలేదు.

జవాబు: పై జవాబులో చెప్పిన పనులన్నీ మీకూ వర్తిస్తాయి, ఇప్పుడే మొదలుపెట్టండి. మీరు టిక్ కొట్టినప్పుడు ఆ పేజీ ఒక కమాండ్‌ను మీకు తెలియకుండా క్లిప్‌బోర్డ్‌లోకి కాపీ చేసింది. మీరు తెరిచింది విండోస్‌లో కమాండ్లు నడిపే రన్ బాక్స్. అతికించింది మాల్వేర్‌ను దించే కమాండ్. ఆ బాక్స్ చిన్నది కాబట్టి ‘వెరిఫికేషన్ నంబర్ ఫలానా’ అన్న చివరి ముక్క మాత్రమే కనిపించేలా కమాండ్‌ను అమర్చుతారు. మ్యాక్‌లో అలాగే కమాండ్లు నడిపే టెర్మినల్ తెరిపించే రకమూ ఉంది. బ్రౌజర్ బయట మీచేత ఏదైనా అతికించమనే క్యాప్చా ఏ సైట్‌లో కనిపించినా మోసమే. వెంటనే ట్యాబ్ మూసేయండి.

ప్రశ్న: ఉద్యోగం చేస్తూ దూరవిద్యలో పీజీ చదువుతున్నాను. ఆన్‌లైన్ పరీక్షకు నిఘా సాఫ్ట్‌వేర్ వేసుకోవాలట. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో వేసుకోవచ్చా?

జవాబు: వద్దు. స్క్రీన్, కెమెరా, మైక్ మూడింటినీ అది రికార్డు చేస్తుంది, అడ్మిన్ అనుమతీ అడుగుతుంది. మధ్యలో పైకి వచ్చే ఆఫీసు మెయిల్ నోటిఫికేషన్ బయటి సంస్థ రికార్డింగ్‌లోకి వెళ్తే సంజాయిషీ ఇచ్చుకోవాల్సింది మీరే. పైగా ఆఫీసు వాళ్లు పెట్టిన వీపీఎన్, రిమోట్ కంట్రోల్ ఏజెంట్లను చూసి నిఘా సాఫ్ట్‌వేర్ పరీక్షను మధ్యలో ఆపేయవచ్చు. సొంత కంప్యూటర్‌లో వేరే యూజర్ అకౌంట్ తెరిచి వేసుకుంటే రక్షణ ఉంటుందనుకోకండి. అడ్మిన్ అనుమతి ఇచ్చాక ఆ గోడ నిలవదు. వర్చువల్ మెషీన్‌ను (కంప్యూటర్‌లోనే నడిచే మరో నకలు కంప్యూటర్‌ను) సాధారణంగా అది ఒప్పుకోదు.

ఇంట్లో పక్కన పెట్టిన పాత ల్యాప్‌టాప్ ఉంటే సిస్టమ్ కొత్తగా వేసి దాన్ని పరీక్షకే కేటాయించండి. లేదంటే మీ ఫైళ్లు బ్యాకప్ తీసుకుని, ముందు రోజే ఇన్‌స్టాల్ చేసి, నమూనా పరీక్ష రాసి చూడండి. సిస్టమ్ అప్‌డేట్లను వారం పాటు పాజ్ చేయండి, రెండో మానిటర్ కేబుల్ తీసేయండి, వీలైతే వైఫై బదులు కేబుల్ పెట్టండి. పరీక్ష అయ్యాక అప్‌డేట్లు తిరిగి ఆన్ చేసి, సాఫ్ట్‌వేర్‌ను అన్ఇన్‌స్టాల్ చేయండి. బ్రౌజర్‌లో అది పెట్టిన ఎక్స్‌టెన్షన్ వేరుగా మిగిలిపోతుంటుంది. స్టార్టప్ యాప్‌ల జాబితా కూడా చూడండి. విద్యార్థి కంప్యూటర్‌లోకి ఇంత లోతుగా వెళ్లే సాఫ్ట్‌వేర్‌ను తప్పనిసరి చేసే సంస్థలు దాన్ని ఎలా తీసేయాలో కూడా రాసి ఇవ్వాలి. రికార్డింగులు ఎన్నాళ్లు ఉంచుతారో ముందే చెప్పాలి. అడగండి, అడగడం మీ హక్కు.

ప్రశ్న: పాప చదువు కోసం ‘లెర్నింగ్ ట్యాబ్’ కొన్నాం. ఏడాదికే నత్తలా తయారైంది. ఏం చేయాలి?

జవాబు: సెట్టింగుల్లో ‘అబౌట్’లోకి వెళ్లి సెక్యూరిటీ అప్‌డేట్ తేదీ చూడండి. అది ఏడాది పైన పాతదైతే ఆ ట్యాబ్‌లో బ్యాంకు యాప్ గానీ, మీ అసలు మెయిల్ గానీ ఉంచొద్దు. పాపకు వేరే అకౌంట్ తెరిచి దానితోనే వాడించండి. వేగం సంగతికొస్తే, 32 జీబీలో సిస్టమే పెద్ద వాటా తినేస్తుంది. మిగిలింది పాఠాల వీడియోలతో నిండాక చవక రకం మెమరీ బాగా నెమ్మదిస్తుంది. కనీసం 4 జీబీ ఖాళీ ఉంచండి, వాడని యాప్‌లు తీసేయండి, వీడియోలు మెమరీ కార్డులోకి వెళ్లేలా యాప్ సెట్టింగులో మార్చండి. అంతకు మించి ఆశించకండి. పాత చిప్, పాత సిస్టమ్ పెట్టి, పైన చదువు అనే మాట అచ్చేసి అమ్మే ట్యాబ్‌లంటే నాకు కోపం. కొనేముందు ‘సెక్యూరిటీ అప్‌డేట్లు ఏ సంవత్సరం దాకా ఇస్తారు?’ అని అడగండి. అంకె చెప్పలేకపోతే కొనకండి.

ప్రశ్న: కోర్సు యాప్‌ను ట్రయల్ అయ్యేలోపే అన్ఇన్‌స్టాల్ చేశాను. అయినా డబ్బు కట్ అయింది.

జవాబు: యాప్ తీసేస్తే సబ్‌స్క్రిప్షన్ ఆగదు. యాప్ స్టోర్‌లో మీ ప్రొఫైల్ కింద ‘సబ్‌స్క్రిప్షన్స్’లోకి వెళ్లి రద్దు చేయాలి. వెబ్‌సైట్ ద్వారా చేరి ఉంటే ఆ సైట్‌లోనే చేయాలి. ఇప్పుడు రద్దు చేసి, అక్కడే రీఫండ్ కూడా అడగండి. త్వరగా అడిగితే వచ్చే అవకాశం ఉంటుంది.

ప్రశ్న: వచ్చే నెలతో ఎమ్మెస్సీ అయిపోతుంది. కాలేజీ మెయిల్ తీసేస్తారట. ఏం భద్రపరచుకోవాలి?

జవాబు: ఇన్‌బాక్స్ కన్నా ముందు ఆ మెయిల్‌తో ఎక్కడెక్కడ లాగిన్ అవుతున్నారో చూడండి. ఇన్‌బాక్స్‌లో ‘వెరిఫై’, ‘వెల్‌కమ్’ అని వెతికితే జాబితా దొరుకుతుంది. ఒక్కో సైట్‌లో సొంత మెయిల్ జోడించి, అది పనిచేస్తోందో లేదో చూసుకుని, దాన్నే ప్రధాన మెయిల్‌గా మార్చండి. ఇది ఆలస్యం చేస్తే పూర్తిచేసిన కోర్సుల సర్టిఫికెట్లు ఉన్న అకౌంట్ తెరవడానికే దారి ఉండదు. సర్టిఫికెట్ పీడీఎఫ్‌తో పాటు దాని వెరిఫికేషన్ లింకు కూడా దాచుకోండి. ఉద్యోగమిచ్చేవాళ్లు చూసేది ఆ లింకునే.

డ్రైవ్‌లోని ఫైళ్లను సొంత అకౌంట్‌కు షేర్ చేస్తే సరిపోతుందనుకుంటారు. షేర్ చేసిన ఫైల్‌కు యజమాని కాలేజీ అకౌంటే. అది పోతే ఫైలూ పోతుంది. డౌన్‌లోడ్ చేసుకుని సొంత డ్రైవ్‌లో మళ్లీ ఎక్కించండి. థీసిస్ రిఫరెన్సులు జోటెరో లాంటి రిఫరెన్సులు దాచే సాఫ్ట్‌వేర్‌లో ఉంటే లైబ్రరీ మొత్తాన్ని బిబ్‌టెక్స్ (రిఫరెన్సుల జాబితా) ఫైల్‌గా ఎక్స్‌పోర్ట్ చేసుకోండి. ఆఫీసు మెయిల్‌తో కోర్సుల్లో చేరేవాళ్లకూ ఇదంతా వర్తిస్తుంది. రాజీనామా ఇచ్చాక తీరిగ్గా చూద్దామనుకుంటే అప్పటికి తలుపు మూసేసి ఉండొచ్చు.

ప్రశ్న: 40 గంటల కోర్సు డౌన్‌లోడ్ చేసుకోవాలి. ఎంత చోటు కావాలి?

జవాబు: సెకనుకు 1 మెగాబిట్ చొప్పున ఉన్న వీడియో గంటకు 450 ఎంబీ అవుతుంది. 40 గంటలకు 18 జీబీ. అదే 5 మెగాబిట్లైతే 90 జీబీ. స్లైడ్లు, మాట మాత్రమే ఉన్న పాఠాలకు 480పీ చాలు. కోడ్, స్ప్రెడ్‌షీట్ పాఠాలకు 720పీ కన్నా తగ్గిస్తే అక్షరాలు అలుక్కుపోతాయి. యాప్‌లో దాచిన వీడియోలు చాలావరకు సబ్‌స్క్రిప్షన్‌తో పాటే పోతాయి, నోట్స్ రాసుకోండి.

ప్రశ్న: కోడింగ్ నేర్చుకుంటూ ప్రాజెక్టును పబ్లిక్ రిపోజిటరీలో (అందరికీ కనిపించే ఆన్‌లైన్ కోడ్ నిల్వలో) పెట్టాను. దానిలో క్లౌడ్ సర్వీసు కీ (పాస్‌వర్డ్ లాంటి రహస్య కోడ్) ఉండిపోయింది. చూసి వెంటనే ఆ లైన్ చెరిపేశాను. సరిపోతుందా?

జవాబు: సరిపోదు. లైన్ చెరిపినా పాత కమిట్‌లో (అంతకుముందు సేవ్ చేసిన మార్పుల నమోదులో) అది అలాగే ఉంటుంది. ఇలాంటి కీల కోసం పబ్లిక్ రిపోజిటరీలను బాట్‌లు ఎప్పుడూ జల్లెడ పడుతుంటాయి. కొద్ది నిమిషాలు కనిపించినా బయటపడినట్టే లెక్క. క్లౌడ్ సర్వీసులోకి వెళ్లి ఆ కీని రద్దు చేయడమే మొదటి పని. హిస్టరీ శుభ్రం చేయడం తర్వాతి సంగతి. బిల్లింగ్ పేజీలో మీరు పెట్టని మెషీన్లు నడుస్తున్నాయేమో అన్ని రీజియన్లలోనూ (సర్వర్లున్న ప్రాంతాల్లోనూ) చూడండి, ఖర్చు హెచ్చరిక పెట్టుకోండి. కొత్త కీని కోడ్‌లో రాయకుండా విడి కాన్ఫిగరేషన్ ఫైల్‌లో ఉంచి, ఆ ఫైల్ పేరును గిట్‌ఇగ్నోర్‌లో (కోడ్ మార్పులను నమోదు చేసే గిట్ వదిలేయాల్సిన ఫైళ్ల జాబితాలో) చేర్చండి. ఒకసారి కమిట్ అయిన ఫైల్‌ను గిట్‌ఇగ్నోర్ పట్టించుకోదు. ముందు దాన్ని గిట్ ట్రాకింగ్ నుంచి తీసేసి మళ్లీ కమిట్ చేస్తేనే ఆ పేరు చేర్చిన ఫలితం ఉంటుంది.