కొత్త పిల్లికి ముందు స్నానం కాదు, చెవులు చూడండి

"వారం కిందట పిల్లిని దత్తత తెచ్చుకున్నాం. ఒకటే గోక్కుంటోంది, బొచ్చు రాలుతోంది. స్నానం చేయిస్తే తగ్గుతుందా?" అని అడిగారు. వద్దండీ. ఇప్పుడప్పుడే నీళ్ల జోలికి వెళ్లొద్దు.

నేను ఆ తప్పే చేశాను. మా బూడిదరంగు పిల్లి వచ్చిన మూడో రోజు, వెనక కాలితో ఎడమ చెవిని ఆపకుండా గోక్కుంటుంటే పేలు పట్టాయేమో అనుకుని బకెట్‌లో దించాను. చెయ్యంతా రక్కేసి బీరువా వెనక్కి దూరింది. ఆ రాత్రి తినలేదు. మర్నాడూ తినలేదు. గిన్నె పెట్టింది పెట్టినట్టే ఉంది. నేల మీద బోర్లా పడుకుని, ఆ సందులో మెరుస్తున్న రెండు కళ్లకేసి చూస్తూ ఎంతసేపు బతిమాలానో!

డాక్టర్ దాని చెవిని మెల్లగా వెనక్కి మడిచి చూపించారు. లోపలంతా కాఫీపొడి చల్లినట్టు నల్లటి మురికి. ఇయర్ మైట్స్ అన్నారు. ఆ మురికి కాస్త తీసి మైక్రోస్కోప్ కింద పెడితే పురుగులు కదులుతున్నాయి! స్నానంతో పోయేవి కావు అవి. చుక్కల మందుతో మూడు వారాల్లో నయమైంది. ఆయన నన్ను కోప్పడింది మాత్రం తిండి గురించి. పిల్లి రెండు మూడు రోజులు తినకపోతే లివర్‌లో కొవ్వు పేరుకుపోయి ప్రాణం మీదికి వస్తుందట, లావు పిల్లులకైతే మరీనూ. ఆ అనుభవంతోనే, కొత్త పిల్లి తల పక్కన గోక్కుంటోందంటే నేను ముందు చెవుల్నే అనుమానిస్తాను.

"కుక్కకు వేసే పేల మందే వేసెయ్యండి" అని సలహా ఇచ్చేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. చాలావాటిలో పెర్మెత్రిన్ అనే పురుగుల మందు ఉంటుంది. పిల్లికి అది విషం, వణుకు పుట్టి ఫిట్స్ వస్తాయి. పారాసిటమాల్ కూడా అంతే, ఒక్క మాత్ర చాలు చంపడానికి.

బొచ్చు సంగతంటారా, రోజూ ఐదు నిమిషాలు దువ్వండి. బుగ్గల దగ్గర మొదలుపెడితే ఒప్పుకుంటుంది. దువ్వకపోతే నాక్కుని మింగిన బొచ్చును ఉండలా కక్కొచ్చు. గుండ్రంగా ఊడి పొట్టు రాలుతుంటే మాత్రం అది ఫంగస్ కావచ్చు, మనకూ అంటుకుంటుంది, డాక్టర్‌కు చూపించాల్సిందే.

ఇంకోటి, మగపిల్లి అయితే లిట్టర్ బాక్స్‌లో (దాని మలమూత్రాలకు పెట్టే ఇసుక పెట్టెలో) పదేపదే కూర్చుంటున్నా చుక్క మూత్రం రాకపోతే తెల్లారేదాకా ఆగకండి, అప్పటికప్పుడే తీసుకెళ్లండి.

ముందు ఈ రాత్రి అది నిద్రపోయేటప్పుడు చెవి లోపల చూసి, నల్లగా ఉందో లేదో ఇక్కడ రాయండి.