పౌడర్ కారుతున్న మెజర్ గురించి మా అల్లునికి

అల్లుడా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. నువ్వు అమెరికాల మీ గ్యారేజ్ల బల్ల ఏసుకొని తూటాలు నింపుడు మొదలువెట్టినవట, తూటాకింత అని పౌడర్ కొలిచి పోసే పౌడర్ మెజర్ల నుంచి పౌడర్ కారుతుందట, మామను అడుగమన్నవట. మధ్యల మీ అమ్మ ఎందుకురా, నా నంబర్ నీ దగ్గర లేదా? డాలస్ల ఉన్న 19 ఏండ్లల్ల 11 ఏండ్లు నేను చేసింది అదే పని. విన్నంక నిద్ర పట్టలే బిడ్డా. ఒక దిక్కు భయం, ఇంకో దిక్కు సంబురం. హన్మకొండల మా ఇంట్ల టేబుల్ ఫ్యాన్ మొత్తం విప్పి ఒక్క స్క్రూ మిగలకుండ మళ్ల బిగించిన పోరనివి నువ్వు, ఇసొంటి సన్నపు పని నీ చేతికి వస్తదని నాకు తెల్సు.

ముందు ఎక్కడ కారుతుందో చూడు. మెజర్ కింద తెల్ల కాగితం పరిచి, హాపర్, అంటే మీద పౌడర్ పోసే డబ్బ, సగం నింపి, హ్యాండిల్ ముట్టుకోకుండ పది నిమిషాలు వదిలెయ్యి. కాగితం మీద గింజలు ఏ సందు కింద పడ్డయో అదే జాగ. హాపర్ బాడీల కూసునే కాడ అయితే సరిగ్గ కూసోలేదన్నట్టు, తీసి మళ్ల పెట్టు. హ్యాండిల్‌తోని తిరిగి పౌడర్ కొలిచే డ్రమ్ముకు బాడీకి నడుమ అయితే, నీ పౌడర్ ఏ రకమో చూసుకో. బాల్ పౌడర్ గసగసాల లెక్క సన్నగ గుండ్రంగ ఉంటది, గిర్నిల పిండి లెక్క ఏ సందు దొరికినా జారుతది. పుల్లల లెక్క ఉండే ఎక్స్‌ట్రూడెడ్ పౌడర్ కారదు గని డ్రమ్ము అంచుకు తెగుతది, చేతికి కరకర తెలుస్తది.

కొత్త మెజర్ అయితే ఫ్యాక్టరీ నూనె ఉంటది, కడిగి పూర్తిగ ఆరబెట్టు. మళ్ల నూనె మాత్రం చుక్క కూడా పెట్టకు, పౌడర్ ఖరాబైతది. పౌడర్ గింజ మీదనే గ్రాఫైట్ పూత ఉంటది, ఒకట్రెండు హాపర్లు ఉత్తగనే తిప్పితే డ్రమ్ముకు ఆ గ్రాఫైట్ పట్టి సగం రోగం పోతది. చలికాలం ప్లాస్టిక్ హాపర్‌కు స్టాటిక్ కరెంట్ పట్టి గింజలు గోడకు అతుక్కుంటయి, బట్టల డ్రయ్యర్ల ఏసే షీట్‌తోని తుడువు.

ఇగ డ్రమ్మును బిగించే స్క్రూ. ఇక్కడ ఆగి రెండు సార్లు చదువు, నా పానం మీదికి వచ్చింది ఇక్కడనే.

నా మెజర్ కూడా గిట్లనే కారేది. మబ్బుల లేచి పనికి పోవాలె, శనివారం గన్ను కాల్చే రేంజికి పోవాలె, శుక్రవారం రాత్రి కూసుంటే బల్ల మీద ఊకె పౌడర్ రాలుడు, నాకు చిరాకు లేసి స్క్రూడ్రైవర్ తీసుకొని స్క్రూను తిరిగినంత దూరం బిగించిన. కారుడు ఆగింది. కాగితం తెల్లగ ఉంది, నేను గెలిచిన అనుకున్న. గని హ్యాండిల్ బిర్రుగ అయింది, పైకి ఎత్తినప్పుడు చివరి ఇంచు కాడ పట్టేస్తుండె. హ్యాండిల్ పూర్తిగ పైకి పోతేనే డ్రమ్ముల గుంత హాపర్ కిందికి పూర్తిగ తెరుచుకుంటది, సగం ఎత్తితే సగమే నిండుతది. నేను మొదటి పది తూకం ఏసిన, బాగనే వచ్చినయి, ఇగ చెయ్యి అలిసినంక తూకం ఏసుడు బంద్ చేసిన, కేసులల్లకు, అంటే పౌడర్ పోసే తూటా గొట్టాలల్లకు, లైట్ కొట్టి చూసుడు కూడా బంద్ చేసిన.

తెల్లారి రేంజిల ఏడో ఎనిమిదో తూటా. ఢాం అనాల్సింది పట్ మన్నది, అంతే, పటాకి తుస్సుమన్నట్టు. గన్ను అదరలేదు. నేనేమో పేలలేదేమో అనుకొని స్లైడ్ గుంజి ఇంకోటి ఎక్కించిన, వేలు ట్రిగర్ మీద ఉంది. పక్క లేన్ల ఒక ముసలాయన "స్టాప్" అని ఒర్లిండు, ఆ ఒర్లుడు ఇయ్యాల్టికి నా చెవులల్ల ఉంది. గన్ను ఖాళీ చేయించి బ్యారెల్ల సన్నపు రాడ్ పెట్టి చూపెట్టిండు, రాడ్ నడుమల ఆగిపోయింది. బుల్లెట్ లోపలనే ఇరుక్కుంది. ఇంకో తూటా దాని ఎన్క తగిలితే బ్యారెల్ పగిలేది, నా చేతులు ఏమయ్యేటియో, కండ్లు ఏమయ్యేటియో. ఇంటికి వచ్చి మిగిలిన తూటాలన్ని బుల్లెట్ గుంజే పుల్లర్‌తోని విప్పి తూకం ఏసిన, ఇంకో రెండిట్ల పౌడర్ సగమే ఉంది. మీ అత్తకు ఆరేండ్ల దాక చెప్పలే. అప్పుడు నీ మరదలికి నాలుగేండ్లు.

అందుకే, స్క్రూను పావు చుట్టు చొప్పున తిప్పు, హ్యాండిల్ పైనా కిందా రెండు చివరలకు అలకగ పోవాలె. అట్ల పోతూ రెండు మూడు గింజలు రాలితే రాలనియ్యి. అంతకంటే ఎక్కువ కారితే డ్రమ్ము గీసుకపోయిందో అరిగిందో, ఆ మెజర్ పక్కకు పెట్టి కొత్తది తెచ్చుకో, పైసలు లేకుంటే నేను పంపుత. రాలిన పౌడర్ కుంచెతోని ఎత్తు, వ్యాక్యూమ్ పెట్టకు, దాంట్ల మోటర్ నిప్పురవ్వ ఉంటది. మళ్ల హాపర్ల ఎయ్యకు.

తూకం ముచ్చట ఇంకోటి. మీ తాత ఎనుమాముల మార్కెట్ల కాంట పట్టిన మనిషి, మిర్చి బస్తా ఎత్తే ముందు ప్రతిసారి ముల్లు నడుమకు వచ్చిందా అని చూసేటోడు. నువ్వు కూడా కూసున్నప్పుడల్ల స్కేల్ మీద చెక్ వెయిట్, అంటే తూకం ముందే తెలిసిన చిన్న రాయి, పెట్టి చూడు. నువ్వు పుట్టినప్పుడు మీ అమ్మ మేడారంల సమ్మక్క సారలమ్మలకు నీ ఎత్తు బంగారం, అదే బెల్లం, తూగిచ్చింది, బెల్లం ఒక అచ్చు ఎక్కువైతే తల్లులకు ఇంకింత సంతోషమే. ఇక్కడ అట్ల కాదు. పౌడర్ తూకం గ్రెయిన్లల్ల ఏస్తరు, పౌండు అంటే 7000 గ్రెయిన్లు, ఒక గురిగింజ ఎత్తు అంటే దగ్గర దగ్గర 2 గ్రెయిన్లు, నీ 9 ఎంఎం కేసుల మొత్తం పడేదే నాలుగైదు గ్రెయిన్లు. గురిగింజంత తేడా అంటే ఎంతో నువ్వే చూసుకో. మొదటి పది కొట్టి హాపర్ల తిరిగి పొయ్యి, ఆనక ప్రతి పదోది తూకం ఎయ్యి, బుల్లెట్ పెట్టే ముందు ప్రతి కేసుల లైట్ కొట్టు. ప్రతి కేసుల అన్న.

పని అయినంక పౌడర్ దాని డబ్బలకే పోవాలె. బల్ల మీద ఒక్కటే డబ్బ ఉండాలె, రెండు పౌడర్లు చూడనీకి ఒక్క తీరుగ ఉండి మండుడు వేరే వేరే ఉంటది. ఫోన్ అవతల పెట్టు. పిల్లగాడు గ్యారేజ్లకు వస్తే చెయ్యి ఆపి లే, వానికి కోపం వచ్చినా సరే.

ఇంకోటి, దసరాకు వస్తవు గద, రేంజికి తీసుకపోయే బ్యాగుల బట్టలు సదురుకొని రాకు. మూలకు ఒక్క తూటా మిగిలి శంషాబాద్ల స్కానర్‌కు దొరికితే ఆర్మ్స్ యాక్ట్ కింద కేసు అయితది, అమెరికాల కొన్న అంటే ఇక్కడ ఎవ్వరు ఇనరు. మీ అమ్మ తట్టుకోదు.

ఆదివారం మీకు పొద్దున 9 అయితే నాకు రాత్రి ఏడున్నర. వీడియో కాల్ చెయ్యి, మెజర్ కింద తెల్ల కాగితం పెట్టి హ్యాండిల్ పైకి కిందికి మెల్లగ తిప్పి చూపెట్టు. నేను తిని కూసుంట.

మీ మామ